గోడ మీది మొర మాంచెస్టర్ చేరిన దారి

1944 సెప్టెంబరు. పోలండ్‌లోని కొండ ఊరు జకోపానేలో ఒక భవనాన్ని నాజీల రహస్య పోలీసు గెస్టపో చెరసాలగా మార్చుకుంది. అందులో బందీగా ఉన్న 18 ఏళ్ల అమ్మాయి గది గోడ మీద కొన్ని మాటలు గీకింది. ఏడవవద్దని తల్లిని బతిమాలుకుంది, ఎప్పుడూ తనకు అండగా ఉండమని మేరీమాతకు మొరపెట్టుకుంది. స్వరకర్త హెన్రిక్ గురెట్స్కీ 1976లో రాసిన మూడో సింఫనీకి ఆ మాటలే రెండో భాగమయ్యాయి. సింఫనీ మూడు భాగాలూ నిదానంగానే నడుస్తాయి. ప్రధానంగా తీగవాద్యాల మీద ఒకే ఒక స్త్రీ గొంతు. 1992లో గాయని డాన్ అప్‌షా పాడిన రికార్డు వచ్చేదాకా జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత అది పది లక్షల ప్రతులు దాటింది, బ్రిటన్‌లో పాప్ ఆల్బమ్‌ల పట్టికలోకే ఎక్కింది.

ఆ సింఫనీ విని కదిలిపోయినవాళ్లలో మాంచెస్టర్ జంట 'లాంబ్' ఉంది. లూ రోడ్స్ జానపద గాయని కూతురు. ఆండీ బార్లో సంగీత యంత్రాల మనిషి. 1996లో బృందం పేరుతోనే వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో ఒక పాట పేరు 'గురెట్స్కీ'.

అప్పటి బ్రిటన్‌లో రెండు సంగీత వాగులు వేర్వేరుగా పారుతున్నాయి. బ్రిస్టల్ నుంచి ట్రిప్‌హాప్: నిమిషానికి 80, 90 దెబ్బల నిదానమైన నడక. లండన్ క్లబ్బుల నుంచి డ్రమ్ అండ్ బేస్: 170 దెబ్బల పరుగు. ఆ పరుగుకు మూలం 1969 నాటి ఒక అమెరికన్ రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు ఆవర్తాల డ్రమ్ముల ముక్క. దాన్ని శాంప్లర్ అనే యంత్రంలోకి ఎక్కించి, తరిగి, వేగం పెంచి, తారుమారు చేసి కొత్త లయలు పుట్టించారు. వేలాది పాటలు దాని మీద బతికాయి. కోల్‌మన్‌కు మాత్రం పైసా ముట్టలేదు. 2006లో నిలువనీడ లేని స్థితిలో చనిపోయాడు. ఈ సంగీతాన్ని ఎంత ప్రేమించినా ఈ అన్యాయం నాకు మింగుడుపడదు.

ట్రిప్‌హాప్ 85, డ్రమ్ అండ్ బేస్ 170 అనుకుంటే, ఒకటి రెండోదానికి సరిగ్గా సగం. మన కచేరీలో తాళం మారకుండానే మొదటి కాలంలో పాడిన పల్లవిని రెండో కాలంలో అందుకుంటారు కదా, లాంబ్ ఆల్బమ్‌లో ఆ రెండు కాలాలూ ఒకేసారి వినిపిస్తాయి. గొంతు తీరిగ్గా సాగుతుంటే, దాని కింద డ్రమ్ములు రెట్టింపు వేగంతో ఉరుకుతాయి. ఈ ఆల్బమ్ కిటుకంతా అక్కడే ఉంది. 'కాటన్ ఊల్' వినండి: విరిగిన లయల మధ్య రోడ్స్ ఎక్కడా తొందరపడదు.

'గురెట్స్కీ' ఆరు నిమిషాలు దాటిన పాట. మొదట్లో దాదాపు గొంతు ఒక్కటే. ఇంతకంటే ఏమీ అక్కర్లేదన్నంత నిండైన ప్రేమను ఆమె గుసగుసగా చెబుతుంది. డ్రమ్ములు ఒక్కొక్కటే చేరి, చివరికి ముంచెత్తుతాయి. సింఫనీలోని అంత దుఃఖంలోంచి ఇంత తృప్తి పుట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఈ పాట 1997లో సింగిల్‌గా వచ్చి బ్రిటన్ పట్టికలో 30వ స్థానం దాకా వెళ్లింది.

ఈ తరహా పాటలను కాఫీ షాపుల్లో నేపథ్య సంగీతంగా వేయడం అలవాటైపోయింది. ఈ ఆల్బమ్‌కు అది తీరని అపచారం. ముందు సింఫనీ రెండో భాగం, వెంటనే 'గురెట్స్కీ' పాట, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వరసగా వినండి. పక్కన ఇంకో పని పెట్టుకోకండి.