‘నిజం’లో వార్తల్లేవు, ‘వార్తల్లో’ నిజం లేదు: సోవియట్ జనం ఎవరి మాట నమ్మారు?

ఈరోజు ఎపిసోడ్ ఒక పాత జోక్‌తో మొదలుపెడదాం. సోవియట్ యూనియన్‌లో రెండు పెద్ద పేపర్లు ఉండేవి. ఒకటి ప్రావ్దా, కమ్యూనిస్టు పార్టీ పేపర్. రెండోది ఇజ్వెస్తియా, ప్రభుత్వం పేపర్. రష్యన్‌లో ప్రావ్దా అంటే నిజం, ఇజ్వెస్తియా అంటే వార్తలు. అక్కడి జనం గుసగుసగా ఏమనుకునేవారంటే, ‘నిజం’లో వార్తల్లేవు, ‘వార్తల్లో’ నిజం లేదు.

నవ్వొస్తుంది కదా. కానీ ఈ జోక్ వెనక ఒక సీరియస్ ప్రశ్న ఉంది. సొంత పేపర్‌ని నమ్మని మనిషి మరి ఎవర్ని నమ్ముతాడు? 1991లో ఆ దేశం 15 దేశాలుగా విడిపోయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ 15 దేశాల్లో ఈ ప్రశ్నకి ఒక్కో చోట ఒక్కో జవాబు వస్తోంది. కొన్ని చోట్ల రష్యా టీవీ మాటే మాట. కొన్ని చోట్ల రష్యా టీవీ అంటే ఛీ అంటారు. ఎందుకలా? ఈరోజు అదే చూద్దాం.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కోల్డ్ వార్ మొదలైంది. 1946లో బీబీసీ రష్యన్ ప్రసారాలు, 1947లో వాయిస్ ఆఫ్ అమెరికా రష్యన్ ప్రసారాలు, 1953లో రేడియో లిబర్టీ వచ్చాయి. సోవియట్ ప్రభుత్వం ఊరుకుంటుందా? అదే ఫ్రీక్వెన్సీ మీద గరగరమనే శబ్దం వదిలి ఆ మాటలు వినపడకుండా చేసేది. దీన్ని జామింగ్ అంటారు. అయినా జనం రాత్రిపూట వంటింట్లో షార్ట్‌వేవ్ రేడియో దగ్గర చెవిపెట్టి కూర్చునేవారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆ రేడియో లిబర్టీ అమాయకంగా పుట్టిన స్టేషనేం కాదు. 1970ల మొదటి వరకు దానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బిచ్చింది. ఆ తర్వాత అమెరికన్ కాంగ్రెస్ బహిరంగంగా నిధులివ్వడం మొదలుపెట్టింది. అంటే ఇటు ఒక ప్రభుత్వం గొంతు, అటు ఇంకో ప్రభుత్వం డబ్బు. మరి జనం అటువైపే ఎందుకు చెవి పెట్టారు?

దీనికి జవాబు కావాలంటే చెర్నోబిల్ చూడాలి. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక అణు రియాక్టర్ పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణాన్ని మర్నాడు మధ్యాహ్నం ఖాళీ చేయించారు. దేశానికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. 28వ తేదీ పొద్దున వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో రేడియేషన్ అలారం మోగింది. మా దగ్గరేం లీక్ కాలేదు, మరి ఇదెక్కడిది అని స్వీడన్ అడగడం మొదలుపెట్టాక, ఆ రాత్రి సోవియట్ టీవీ న్యూస్ ‘వ్రేమ్యా’లో నాలుగైదు వాక్యాలు చదివారు. అంతే. మే 1న, చెర్నోబిల్‌కి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కీవ్‌లో మే డే పరేడ్ కూడా జరిపించారు. పిల్లలు కూడా నడిచారు అందులో. గోర్బచేవ్ టీవీలో కనపడి మాట్లాడింది మే 14న. ప్రమాదం జరిగిన 18 రోజులకి!

ఇప్పుడు మీరు కీవ్‌లో ఉన్న ఒక తల్లి అనుకోండి. మీ పిల్లని వీధిలోకి పంపొద్దని మీకు ముందుగా హింట్ ఇచ్చింది ఎవరు? విదేశీ రేడియో. డబ్బు ఎవరిదన్నది ఆ తల్లికి తర్వాతి సంగతి. ఇంట్లోవాళ్ళు దాస్తే పొరుగువాడి మాటే వేదం అవుతుంది. ఈ ఎపిసోడ్ మొత్తానికి తాళంచెవి ఇదే, గుర్తుపెట్టుకోండి. పొరుగు గొంతుకి బలం దాని గొప్పతనం వల్లే రాదు, మన ఇంటి మౌనం వల్ల కూడా వస్తుంది.

చిన్న పక్కమాట. అదే సోవియట్ ప్రభుత్వం మన తెలుగువాళ్ళ కోసం ‘సోవియట్ భూమి’ అనే రంగురంగుల పత్రిక పంపేది. ఆ నున్నటి కాగితాలు స్కూలు పుస్తకాల అట్టలకి వేసుకున్నవాళ్ళు మీ ఇంట్లోనే ఉండొచ్చు, అడిగి చూడండి. బయటివాళ్ళకి అంత అందంగా కథ చెప్పిన ప్రభుత్వం, సొంత జనానికి ఒక ప్రమాదం సంగతి టైముకి చెప్పలేకపోయింది.

ఇక 1991 ఆగస్టు 19. గోర్బచేవ్ సెలవు మీద క్రిమియాలోని ఫోరోస్‌లో ఉన్నాడు. మాస్కోలో కొందరు పెద్దలు కుట్ర చేసి ఆయన్ని అక్కడే నిర్బంధించారు. ఫోన్లు కట్. వీధుల్లో ట్యాంకులు తిరుగుతుంటే టీవీలో ఏం వేశారో తెలుసా? స్వాన్ లేక్ అనే బ్యాలే డాన్స్. దేశాధ్యక్షుడికి సొంత దేశంలో ఏం జరుగుతోందో ఎలా తెలిసింది మరి? పాత రేడియో సెట్లు వెతికి బీబీసీ, రేడియో లిబర్టీ, వాయిస్ ఆఫ్ అమెరికా విన్నామని బయటికొచ్చాక ఆయనే చెప్పాడు. ఆలోచించండి. ఏ రేడియోల నోరు నొక్కడానికి ఆ ప్రభుత్వం నలభై ఏళ్ళు ఖర్చుపెట్టిందో, చివరికి ఆ ప్రభుత్వాధినేతకే అవి దిక్కయ్యాయి.

ఇక్కడితో కథ అయిపోతే పశ్చిమ దేశాల మీడియా గెలిచింది అనేసి వెళ్ళిపోవచ్చు. కానీ అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

సరిహద్దులు మారాయి, యాంటెన్నాలు మారలేదు. కజకిస్తాన్, కిర్గిజిస్తాన్, తజికిస్తాన్, మాల్డోవా లాంటి చోట్ల స్థానిక టీవీలకి డబ్బు లేదు. మాస్కో ఛానెళ్ళలో సీరియల్స్, కామెడీ షోలు, న్యూ ఇయర్ రాత్రి పాటల ప్రోగ్రాం అన్నీ ఉన్నాయి. భాష అందరికీ వచ్చిన రష్యనే. సీరియల్ కోసం పెట్టిన టీవీలో మధ్యలో వార్తలు కూడా వస్తాయి కదా! పైగా 1990ల్లో ఆ వార్తలు చూడదగ్గవే. 1993లో మొదలైన ఎన్‌టీవీ అనే ప్రైవేట్ ఛానెల్, మొదటి చెచెన్యా యుద్ధాన్ని సొంత ప్రభుత్వానికి నచ్చకపోయినా చూపించింది. 2001 ఏప్రిల్‌లో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ ఆ ఛానెల్‌ని చేతిలోకి తీసుకుంది. ఛానెల్ పేరు మారలేదు. మాట మారింది. కానీ ఎక్కడో దుషాంబేలో సోఫాలో కూర్చుని చూసేవాడికి ఆ మార్పు ఏ రోజు జరిగిందో ఎలా తెలుస్తుంది?

తజికిస్తాన్ సంగతే తీసుకోండి. లక్షలమంది మగవాళ్ళు కూలి పనికి రష్యా వెళ్తారు. 2013 ప్రాంతంలో వాళ్ళు పంపే డబ్బు ఆ దేశం జీడీపీలో 40 శాతం పైనే ఉంది. మాస్కోలో ఏం జరుగుతోందన్నది వాళ్ళకి విదేశీ వార్త కాదు, నాన్న జీతం వార్త.

ఇంకోపక్క పశ్చిమ మీడియా కూడా తన పరువు తనే తీసుకుంది. 2003లో ఇరాక్ మీద యుద్ధానికి ముందు, అక్కడ సామూహిక విధ్వంస ఆయుధాలు ఉన్నాయన్న మాటని పెద్ద పెద్ద పేపర్లు సరిగ్గా నిలదీయకుండా అచ్చేశాయి. ఆయుధాలు దొరకలేదు. 2004 మేలో న్యూయార్క్ టైమ్స్, మేం ఉండాల్సినంత గట్టిగా లేము అని పాఠకులకి ఒప్పుకుంది. ఒప్పుకోవడం మంచిదే. కానీ ‘చూశారా, వాళ్ళూ అంతే’ అనడానికి రష్యన్ టీవీకి ఇంతకన్నా ఏం కావాలి?

తర్వాత 2008 ఆగస్టు. జార్జియా, రష్యా మధ్య ఐదు రోజుల యుద్ధం. దక్షిణ ఒసెటియాలో 2,000 మంది చనిపోయారని రష్యా వైపు నుంచి మొదట్లో చెప్పారు. తర్వాత రష్యా దర్యాప్తు సంస్థే తేల్చిన పౌరుల సంఖ్య 162. మరి చిన్న దేశం మీద పెద్ద దేశం పడిందంతే అన్న సింపుల్ కథ? యూరోపియన్ యూనియన్ వేసిన కమిషన్ 2009లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం, బహిరంగ యుద్ధం మొదలైంది జార్జియా సైన్యం త్స్‌ఖిన్‌వాలి మీద చేసిన దాడితో. అయితే దానికి ముందు ఏళ్ళ తరబడి రెచ్చగొట్టడం ఉందని, రష్యా చేసిన ఎదురుదాడి హద్దు దాటిందని కూడా అదే రిపోర్ట్ చెప్పింది. అంటే రెండు సింపుల్ కథలూ పూర్తిగా నిలబడలేదు.

అబద్ధం చెప్పేది బయటివాళ్ళేనా అంటే అదీ కాదు. 2010 మార్చి 13న జార్జియాలోనే, ప్రభుత్వానికి అనుకూలంగా ఉండే ఇమెదీ ఛానెల్, రష్యన్ ట్యాంకులు వస్తున్నాయి, అధ్యక్షుడు చనిపోయాడు అంటూ ఒక ఉత్తుత్తి న్యూస్ ప్రోగ్రాం వేసింది. ఇది ఊహ మాత్రమే అని మొదట్లో ఒక మాట చెప్పి వదిలేసింది. మధ్యలో టీవీ పెట్టినవాళ్ళకి ఏం తెలుస్తుంది? జనం వీధుల్లోకి పరుగెత్తారు, ఫోన్ లైన్లు జామ్ అయ్యాయి.

ఇన్ని దెబ్బలు తిన్న జనం ముందుకి 2014లో క్రిమియా వచ్చింది. గ్యాలప్ అనే సర్వే సంస్థ ఈ దేశాల్లో తిరిగి, ఉక్రెయిన్ విషయంలో ఎవరి వార్తలు నమ్మదగ్గవి అని అడిగింది. కజకిస్తాన్, కిర్గిజిస్తాన్, తజికిస్తాన్‌లలో రష్యన్ మీడియా వైపు మొగ్గు కనిపించింది. జార్జియా, ఉక్రెయిన్‌లలో దానికి రివర్స్. చూడండి, ఆ టీవీ అన్నిచోట్లా ఒకటే. తేడా ఎక్కడంటే, టీవీ చెప్పిన చోటు మన కిటికీలోంచి కనిపిస్తుందా లేదా అన్నదే. ఆ ఏడాది జులైలో రష్యా ఛానెల్ వన్, స్లావియాన్స్క్ పట్టణంలో ఉక్రెయిన్ సైనికులు ఒక చిన్నపిల్లాడిని శిలువ వేశారని ఒకావిడ చేత చెప్పించింది. ఏ ఆధారమూ దొరకలేదు. స్లావియాన్స్క్‌లో ఉన్నవాడికి వెళ్ళి అడిగే వీలుంది. బిష్కెక్‌లో ఉన్నవాడికి లేదు.

అయితే బిష్కెక్ వాళ్ళని తక్కువ అంచనా వేయొద్దు. అదే కిర్గిజిస్తాన్‌లో 2019 నవంబర్‌లో, రేడియో లిబర్టీ వాళ్ళ స్థానిక సర్వీస్ అజాత్తిక్, ఇంకొందరు జర్నలిస్టులతో కలిసి కస్టమ్స్ శాఖలో అవినీతి మీద పెద్ద పరిశోధన బయటపెట్టింది. జనం వీధుల్లోకొచ్చి ధర్నా చేశారు. ప్రపంచ వార్తలకి మాస్కో టీవీ, ఊళ్ళో దొంగ ఎవరో తెలియడానికి అమెరికా డబ్బుతో నడిచే రేడియో! ఇందులో వైరుధ్యం ఏం లేదు. స్థానిక మీడియా ఎక్కడ నోరు మెదపలేదో అక్కడ బయటి గొంతు వచ్చి కూర్చుంది. చెర్నోబిల్ రోజుల లెక్కే ఇది.

ఇక 2022 ఫిబ్రవరి 24. బాంబులు పడుతున్న ఉక్రెయిన్ నగరాల నుంచి పిల్లలు రష్యాలో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్ చేశారు. ‘అమ్మా, మా మీద బాంబులేస్తున్నారు’ అంటే, ‘లేదు నాన్నా, మన సైన్యం సైనిక స్థావరాల మీదే వేస్తోంది, టీవీలో చెప్పారు’ అన్న జవాబులు వచ్చాయి. ఇలాంటివి ఒకటి రెండు కాదు, చాలా కుటుంబాలు బయటికి చెప్పుకున్నాయి. కడుపున పుట్టిన బిడ్డ మాటకన్నా టీవీ మాట పెద్దదైపోయింది. ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా గుండె బరువెక్కేది నాకైతే ఇదే. మీడియా మీద నమ్మకం అంటే సర్వేలో పర్సెంటేజీ అనుకుంటాం, చివరికి అది ఒక ఫోన్ కాల్ తెగిపోవడం.

మార్చి 2న యూరోపియన్ యూనియన్ ఆర్‌టీ, స్పుత్నిక్‌లని బ్యాన్ చేసింది. మార్చి 4న రష్యా, సైన్యం గురించి ‘తప్పుడు వార్తలు’ చెబితే 15 ఏళ్ళ వరకు జైలు అని చట్టం చేసింది. ఈ రెండూ ఒకటే అని నేననడం లేదు. ఒకటి ప్రభుత్వ ఛానెల్‌ని ఆపడం, ఇంకొకటి మాట్లాడిన మనిషిని జైల్లో పెట్టడం. అయినా ఒక కేసు చూడండి. దోజ్ద్ అనే స్వతంత్ర రష్యన్ ఛానెల్ యుద్ధాన్ని యుద్ధం అన్నందుకు మాస్కోలో మూతపడి లాత్వియా రాజధాని రీగాకి పారిపోయి వచ్చింది. ఒక యాంకర్ రష్యన్ సైనికులకి సాయం చేస్తున్నామన్నట్టు మాట్లాడటం, ఇంకొన్ని తప్పులు కలిసి 2022 డిసెంబర్‌లో లాత్వియా దాని లైసెన్స్ రద్దు చేసింది. తర్వాత నెదర్లాండ్స్‌లో లైసెన్స్ తెచ్చుకుంది. రష్యన్ మాట్లాడే మనిషికి నమ్మదగ్గ రష్యన్ గొంతు ఒకటి ఉండాలా, వద్దా? బాల్టిక్ దేశాలు ఇప్పటికీ ఈ ప్రశ్నతో కుస్తీ పడుతున్నాయి. ఎస్తోనియా 2015లోనే ఈటీవీ ప్లస్ అని రష్యన్ భాషలో సొంత ప్రభుత్వ ఛానెల్ పెట్టింది. రష్యన్ మాట్లాడే జనం వాళ్ళ జనాభాలో దాదాపు నాలుగో వంతు మరి. వాళ్ళ భాషలో మనం మాట్లాడకపోతే మాస్కో మాట్లాడుతుంది అన్నది లెక్క.

ఈ లెక్క అమెరికా మర్చిపోయినట్టుంది. 2025 మార్చి 14న ట్రంప్ సంతకంతో వాయిస్ ఆఫ్ అమెరికాని, రేడియో లిబర్టీ నిధులని కోసేసే పని మొదలైంది. జామింగ్‌తో మాస్కో పూర్తిగా నొక్కలేకపోయిన గొంతుని వాషింగ్టన్ ఒక ఆర్డర్‌తో నొక్కింది. కోర్టు కేసులు నడిచాయి, రేడియో లిబర్టీని నిలబెట్టడానికి యూరప్ కొంత డబ్బిచ్చింది.

సరే, ఇదంతా విన్నాక చేతిలో ఫోన్ పట్టుకున్న మనకేంటి? అందరూ అబద్ధాలకోర్లే, ఎవర్నీ నమ్మొద్దు అనుకుంటే మాత్రం ఈ చరిత్రని తప్పుగా చదివినట్టే. ఎవర్నీ నమ్మని జనం అంటే దాచిపెట్టేవాడికి పండగే. నేనైతే ఒక్క ప్రశ్న అడుగుతాను. ఈ ఛానెల్ తన యజమానికి నొప్పి కలిగే వార్త ఎప్పుడైనా చెప్పిందా? చెచెన్యా రోజుల్లో ఎన్‌టీవీ చెప్పింది, 2001 తర్వాత మానేసింది. న్యూయార్క్ టైమ్స్ ఆలస్యంగా అయినా తన తప్పు తనే అచ్చేసింది. చెర్నోబిల్ అప్పుడు వ్రేమ్యా నాలుగైదు వాక్యాలతో సరిపెట్టింది.

2022 మార్చి 14న అదే వ్రేమ్యా లైవ్ నడుస్తుంటే ఛానెల్ ఎడిటర్ మరీనా ఒవ్స్యాన్నికోవా యాంకర్ వెనక నిలబడి ఒక పోస్టర్ పట్టుకుంది. యుద్ధం ఆపండి, ఇక్కడ మీకు అబద్ధాలు చెబుతున్నారు అని. కనపడింది కొన్ని సెకన్లే. కానీ ఆ ఛానెల్‌లో ఆ ఏడాది వచ్చిన వార్తల్లో యజమానికి నొప్పి పెట్టింది బహుశా అదొక్కటే.

మీరు రోజూ చూసే ఛానెల్‌కి, ఫాలో అయ్యే పేజీకి ఈ ప్రశ్న వేసి చూడండి. జవాబు కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.