చెక్కిలి మీది చూపు

మోనియర్ విలియమ్స్ సంస్కృతాంగ్ల నిఘంటువు 1899 నాటి కూర్పులో ‘కటాక్షం’ అన్న మాటకు ఓరచూపు అన్న అర్థంతో బాటు ‘లీర్’ అనే ఆంగ్లపదం కూడ కనిపిస్తుంది. అనువాదకుడు ఈ సమీకరణాన్ని తలక్రిందులు చేసి, లీర్ అన్న చోటనెల్లా కటాక్షమనో ఓరచూపనో వ్రాసినచో అర్థం ఎంత దూరం జారిపోతుందో తెలియాలంటే, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంత చూడవలసి ఉన్నది.

లీర్ మొదట చూపే కాదు. ప్రాచీనాంగ్లంలో ‘హ్లెయోర్’ అంటే చెక్కిలి, ముఖం. మధ్యాంగ్లంలో అది ‘లేర్’ అయినది. 16వ శతాబ్దిలో దాని నుండి క్రియాపదం ఏర్పడినది. ముఖం పూర్తిగా త్రిప్పక, చెక్కిలి మీదుగా ప్రక్కకు చూడడం దాని తొలి అర్థమని భాషావేత్తల ఊహ.

షేక్స్‌పియరు నాటికి పాత అర్థమూ కొత్త అర్థమూ కలిసి బ్రతుకుతున్నవి. ‘ఏజ్ యు లైక్ ఇట్’ నాటకంలో ఈ మాట ముఖచ్ఛాయను తెలుపుతుంది. ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’లో ఫాల్‌స్టాఫ్ నోట అది ఒక ఇల్లాలు కంటితో పంపిన ఆహ్వానమవుతుంది. నిజానికి ఆమె ఆహ్వానమేదీ పంపలేదు. అతని కోరికే ఆమె కంటిలో అతనికి కనిపించినది. ఆ భ్రమకు తగిన శాస్తి నాటకమంతటా జరుగుతుంది.

1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ నాల్గవ సర్గలో మిల్టన్ ఈ మాటను సైతానుకు వాడినాడు. ఆదాము, హవ్వల అన్యోన్యాన్ని చూడలేక ముఖం త్రిప్పుకొని, అయినా ఓరగా వారినే చూచే అసూయాగ్రస్తుని చూపు అది. నేడు లీర్ అన్న మాటలో కామం పాలు హెచ్చినది. అందులోని దురుద్దేశం మాత్రం పోలేదు.

దీనికి తోడుగా 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో ‘ఓగిల్’ అనే మాట ఆంగ్లంలో ప్రవేశించినది. డచ్చి భాషలోనో, ఉత్తర జర్మనీ మాండలికాలలోనో కన్ను అనే మాటపై పుట్టినదిది. ఆ కంటికి సంస్కృతంలోని ‘అక్షి’తో దూరపు చుట్టరికం కలదు. 1711లో అడిసన్ ‘స్పెక్టేటర్’ పత్రికలో, ఈ విద్య నేర్పుతానని ముందుకు వచ్చిన ఒక ఉపాధ్యాయుని లేఖను కల్పించినాడు. చర్చిలో చూడవలసిన చూపు ఉదయమట, నాటకశాలలో చూడవలసిన చూపు దీపాల వేళనట! ప్రార్థనకు వచ్చిన స్త్రీలను కూడ విడువని నాగరకులకు అదొక చురక.

ఇక కటాక్షం. ‘కట’ శబ్దానికి గండస్థలమని ఒక అర్థమున్నది. అక్షి కన్ను. అంటే లీర్‌లోని చెక్కిలి, ఓగిల్‌లోని కన్ను ఈ ఒక్క మాటలో కలిసినవన్నమాట. అమరసింహుడు దీనికి కడకంటి చూపని మాత్రమే అర్థం చెప్పినాడు. కాని దీని నడక వేరు. కావ్యాలలో అది నాయిక అనురాగమైనది. తెలుగువారి వాడుకలో లక్ష్మీకటాక్షమై, దయకు పర్యాయపదమైనది. కటాక్షాన్ని పొందేవాడు దానికై నిరీక్షిస్తాడు. లీర్‌కు గురియైన స్త్రీ దానిని కోరలేదు. కంటి కదలికలో రెంటికీ భేదం లేదు. ఉన్నదల్లా ఎదుటి మనిషి ఇష్టానిష్టాలలోనే.

అందువలన ఆంగ్లనవలలో కూలిపిల్లను యజమాని చూచిన చూపును ‘ఓరచూపు’ అని తెలుగు చేస్తే, ఆమె అవమానం మాయమై అక్కడొక సరసుడు వెలుస్తాడు. ఇది శైలీదోషమని సరిపెట్టుకొనదగినది కాదు. కథలో ఆమెకు జరిగిన అన్యాయానికి అనువాదకుడు తోడైనట్లే. తెలుగులో మాటలకు లోటు లేదు: వెకిలిచూపు, ఎగాదిగా చూడడం, చూపులతో తడమడం, కళ్లతో తినేసేటట్లు చూడడం. ఇవి ప్రబంధాలలో వెదికితే దొరికేవి కావు. ఆ చూపులు పడిన ఆడవారు ఇంటికి వచ్చి చెప్పుకొనే మాటలు ఇవి.