బిడ్డ కనిపించని తల్లి: అమరావతి జనన ఫలకం

తల్లీబిడ్డల శిల్పం అనగానే మీకు ఒడిలో పసివాడు గుర్తుకు వస్తాడు. అమరావతి స్తూపంలోని ఒక ఫలకంలో తల్లి ఉంది, బిడ్డ లేడు. తరగతిలో ఈ బొమ్మ చూపినప్పుడల్లా మొదటి ప్రశ్న అదే: బిడ్డ ఏడి?

క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన ఈ సున్నపురాయి ఫలకం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అమరావతి శిల్పాలు అక్కడికి చేరింది 1880లో. పై వరుసలో మాయాదేవి కల, దాని ఫలం చెప్పడం. మనం ఆగవలసింది కింది వరుస దగ్గర.

కుడివైపు మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకొని నిలబడి ఉంది. ఈ భంగిమ కొత్తది కాదు. సాంచి తోరణంపై చెట్టును పట్టుకున్న యక్షిణిని మీరు ఇదివరకే చదివారు. పక్కన దేవతలు పొడవైన వస్త్రం పట్టుకున్నారు. దాని మీద చిన్న చిన్న పాదముద్రలు. బిడ్డ అంటే అవే. నేను మొదటిసారి ఛాయాచిత్రంలో వాటిని చూసి రాతి మీది గాట్లనుకున్నాను!

దీనిని శిల్పి చేతకానితనంగా భావించకండి. అంత నాజూకుగా స్త్రీమూర్తులను మలచినవాడికి పసివాడు ఒక లెక్కా? ఖాళీ ఆసనం, బోధివృక్షం, ధర్మచక్రం, పాదాలు బుద్ధుని సన్నిధిని తెలిపే గుర్తులు. ఇక్కడ ఆ సంప్రదాయం పురిటిబిడ్డకు కూడా వర్తించింది. నిర్వాణం పొందినవాడికి రూపం ఉండదు కనుక అలా చెక్కారన్నది పాత వివరణ. అయితే అమరావతిలోనే బుద్ధుని మానవరూపం కూడా కనిపిస్తుంది కాబట్టి, ఆ వివరణ ఒక్కటే చాలదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎడమవైపు చూడండి. శిశువును శాక్యుల కులదేవత అయిన యక్షుని దగ్గరకు తెచ్చారు. యక్షుడే వంగి నమస్కరిస్తున్నాడు. వస్త్రం ఒక స్త్రీ చేతుల్లో ఉంది. బౌద్ధ గాథల ప్రకారం మాయాదేవి ప్రసవించిన ఏడు రోజులకే మరణించింది, బిడ్డను పెంచింది చెల్లెలు మహాప్రజాపతి గౌతమి. ఆ స్త్రీని గౌతమిగా పోల్చుకుంటే దృశ్యం మారిపోతుంది. కన్నతల్లి చేతికి బిడ్డ అందలేదు, దేవతలు అందుకున్నారు. పెంపుడుతల్లి చేతుల్లో ఉన్నదీ వస్త్రమే. అయినా ఆ చేతులు బరువు మోస్తున్నట్టే ఉన్నాయి.

5వ శతాబ్ది నాటి అజంతా 17వ గుహలో ఇందుకు భిన్నమైన చిత్రం ఉంది. భిక్షాపాత్రతో వచ్చిన బుద్ధుడు ఆకాశమంత ఎత్తు. ఎదుట యశోధర, రాహులుడు చాలా చిన్నగా కనిపిస్తారు. అక్కడ బిడ్డ ఉన్నాడు. తండ్రిని వారసత్వం అడగమని తల్లి పంపుతున్నది. గాథలో రాహులునికి దక్కిన వారసత్వం ప్రవ్రజ్య.