ఒడిబియ్యం, లేడీస్ సీటు, జీరో టికెట్

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఆడబిడ్డకు జరిగే మర్యాదల్లో పెద్దది ఒడిబియ్యం. పెండ్లయిన బిడ్డను, అల్లుడిని పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు ఆమె ఒడిలో పోసి చీరె పెడతారు. మూడో ఏటనో ఐదో ఏటనో, బేసి సంవత్సరం చూసి పోయడం ఆనవాయితీ. ఆ బియ్యాన్ని అత్తగారింట్లో వండి నలుగురినీ భోజనానికి పిలుస్తారు. పుట్టింట్లో తనకు ఇంకా చోటుందని ఊరందరి ముందూ చెప్పే తంతు కాబట్టి దీన్ని కాదనే ఆడబిడ్డ ఇప్పటికీ అరుదు. ఖర్చు మాత్రం పెరిగింది. ఇంటి అర్రలో జరిగేది ఫంక్షన్ హాలుకు చేరింది, అన్నదమ్ములు అప్పు చేసి పోసే ఒడిబియ్యాలూ ఉన్నాయి.

పెండ్లికో బోనాలకో ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలవడం, వచ్చినవాళ్లను పసుపు, కుంకుమ, రవికె గుడ్డ ఇచ్చి సాగనంపడం ఇదే వరుసలోవి. వీటన్నిటికీ పైకి చెప్పని షరతు ఒకటుంది, అందుకునే మనిషి ముత్తైదువ కావాలి. భర్త పోయిన నాటితో బొట్టు పిలుపు ఆగిపోతుంది. కన్నబిడ్డ పెండ్లిలోనే తల్లి వెనక గదిలో ఉండిపోయే ఇళ్లు నిన్నమొన్నటి దాకా ఎన్నో. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022 మే నెలలో వితంతువుల గాజులు పగలగొట్టడం, కుంకుమ తుడవడం వంటి ఆచారాలను మానుకుంటూ తీర్మానం చేసింది. మిగతా గ్రామాలూ అదే దారిలో నడవాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం కోరింది. ఇక్కడ అలాంటి తీర్మానాల కన్నా ఇంటి లోపలి పట్టుదలే ఎక్కువ పని చేస్తోంది. తల్లి చేత్తోనే అక్షింతలు వేయించుకుంటామని పట్టుబట్టే పిల్లలు పెరిగారు.

రెండో షరతు కులానిది. దొరల కోట అయిన దోమకొండ గడీ ఈ ప్రాంతపు పాత అధికారానికి నేటికీ నిలిచి ఉన్న గుర్తు. గడీల కాలంలో దొరసాని తెరలు కట్టిన బండిలో వస్తుంటే దారి ఇవ్వాలి, తల వంచాలి. అదే దారిలో నెత్తిన బరువుతో వెట్టికి నడిచే ఆడమనిషికి పక్కకు తప్పుకునేవాడు లేడు, పేరు చివర అమ్మ అని చేర్చి పిలిచేవాడూ లేడు. పాత మర్యాదలు పోయాయని వాపోయేవాళ్లు ఈ సంగతిని సాధారణంగా దాటేస్తారు. ఆ గౌరవం గడీ హోదాకు దక్కింది, ఆడతనానికి కాదు.

ఈ లెక్కను మొదట తారుమారు చేసింది ఓటు. 1957 ఎన్నికల్లో కామారెడ్డి నుంచి టి.ఎన్. సదాలక్ష్మి శాసనసభకు వెళ్లారు. హైదరాబాద్‌లో పారిశుధ్య పని చేసే సమాజంలో 1928లో పుట్టిన దళిత మహిళ ఆమె. 1962లో ఎల్లారెడ్డి నుంచి మళ్లీ గెలిచారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిప్యూటీ స్పీకర్‌గా పనిచేశారు. దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో దేవాదాయ శాఖ చూశారు. అంటరానితనాన్ని నేరం చేసిన చట్టం వచ్చింది 1955లో. ఆ తర్వాత పదేళ్లు కూడా గడవకముందే రాష్ట్రంలోని గుళ్ల వ్యవహారం ఒక దళిత స్త్రీ చేతికి వచ్చింది. తన వాళ్లను గడప దాటనివ్వని గుళ్లలోనూ మంత్రికి జరగాల్సిన లాంఛనాలకు ఆమె హక్కుదారు అయ్యారు. ఎవరికి మర్యాద చేయాలో తేల్చే పని పూజారి ఇష్టం నుంచి జారి ప్రభుత్వ ఉత్తర్వు మీదికి వచ్చింది. గోగు శ్యామల రాసిన ‘నేనే బలాన్ని’ ఆమె బతుకు కథే.

1967లో ఎల్లారెడ్డిలో సదాలక్ష్మిని ఓడించింది కూడా దళిత మహిళే. చిలకలగూడలో 1918లో పుట్టిన జె. ఈశ్వరీబాయి అప్పటికే నగర పాలక సభ్యురాలిగా పనిచేసిన మనిషి, రిపబ్లికన్ పార్టీ నాయకురాలు. భర్తతో విడిపోయి, టీచరుగా పనిచేసి, బడి పెట్టి, ఒంటరిగా బిడ్డను పెంచారు. ఆ బిడ్డే తర్వాత మంత్రి అయిన జె. గీతారెడ్డి. ముత్తైదువ కొలతతో చూస్తే ఏ పేరంటంలోనూ ముందు వరుస దక్కని జీవితం అది. ఎల్లారెడ్డి ఓటర్లు ఆమెను 1972లోనూ గెలిపించారు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఈ ప్రత్యర్థులిద్దరూ ముందు వరుసలో నిలబడ్డారు. ఇరవై ఏళ్ల పాటు రిజర్వుడు సీటు రూపంలో ఈ ప్రాంతం తన తరఫున మాట్లాడే పని దళిత స్త్రీలకు అప్పగించింది. ఊళ్లలో పలకరింపు అంత వేగంగా మారలేదు.

మనిషిని చూడకుండా ఇచ్చే మర్యాద రైలుతో, బస్సుతో వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1890 రైల్వే చట్టం ప్రతి ప్యాసింజర్ రైల్లో కింది తరగతిలో కనీసం ఒక గదిని ఆడవాళ్లకే కేటాయించాలని, రైలు 50 మైళ్లకు మించి నడిస్తే ఆ గదికి మరుగుదొడ్డి ఉండాలని చెప్పింది. కామారెడ్డి మీదుగా సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్‌గేజ్ లైను పడింది 1900 ప్రాంతంలో. రోడ్ల మీదికి నిజాం స్టేట్ రైల్వే బస్సులు 1932లో దిగాయి, మొదట 27 బస్సులు, 166 మంది సిబ్బంది. 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమని, వాళ్ల సీట్లలో వాళ్లనే కూర్చోనివ్వమని బస్సు లోపల రాయించింది ఆర్టీసీయే. తమాషా ఏమిటంటే, సంప్రదాయంలో అలాంటి సీటు ఎన్నడూ లేదు. గడీ దొరసాని ఎర్రబస్సు ఎక్కలేదు, వెట్టి మనిషికి కూర్చునే ప్రశ్నే రాలేదు. కొత్త నియమానికి పాత పేరు పెడితే జనం త్వరగా ఒప్పుకుంటారని ఆ రాత రాయించినవాళ్లకు తెలుసు. బీడీలు చుట్టే మనిషీ టీచరమ్మా పక్కపక్కన కూర్చున్నది మాత్రం ఆ సీట్లలోనే. కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకునే మొగాళ్లతో తగాదా పడే ధైర్యమూ ఆ రాతే ఇచ్చింది.

తెలంగాణ వచ్చాక ప్రభుత్వమే పుట్టింటి పాత్ర తీసుకుంది. 2014లో ఆడపిల్ల పెండ్లికి డబ్బు సాయం చేసే కల్యాణలక్ష్మి, 2017లో బతుకమ్మ పండుగకు పంచే బతుకమ్మ చీరెలు. చీరె పెట్టడం ఒడిబియ్యం నుంచి తీసుకున్న మర్యాదే కానీ, నాసిరకమని ఆ తొలి ఏడాదే కొన్నిచోట్ల ఆడవాళ్లు చీరెలను రోడ్డు మీద తగలబెట్టారు. పుట్టింటి చీరెను ఎవరూ అలా చేయరు. అక్కడ విలువ బట్టది కాదు, పెట్టిన చేతిది. ప్రభుత్వం పెట్టినప్పుడు బట్టనే చూస్తారు, చూడాలి కూడా.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఈ వరుసలో తర్వాతిది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతటా మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ఉచిత ప్రయాణం, అదే జీరో టికెట్. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో ఇలాంటివే వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న. కండక్టరు అడిగేది తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డునే. ముత్తైదువా, ఏ కులం, ఎవరి కోడలు అన్నవి అక్కడ లేవు. లింగంపేట మీదుగా కామారెడ్డికి పొద్దున వచ్చే కూలీలు, కాలేజీ పిల్లలు, దవాఖానకు వెళ్లే ముసలవ్వలు దీన్ని దయగా కాక తమ వాటాగా వాడుకుంటున్నారు.

ఎదురు మాటలూ మొదలయ్యాయి. గిరాకీ పోయిందని ఆటోవాళ్లు రోడ్డెక్కారు. టికెట్ కొన్న మాకు కూర్చునే జాగ లేదని, మొగవాళ్లకూ సీట్లు కేటాయించాలని అడిగేవాళ్లు బయల్దేరారు. ఊరికే తిరుగుతున్నారన్న వెటకారం బస్సులోనే వినబడుతోంది. స్టేజీ దగ్గర ఆడవాళ్లే కనబడితే కొందరు డ్రైవర్లు ఆపకుండా పోతున్నారని, చేయెత్తి నిలబడ్డవాళ్లు డిపోలకు ఫిర్యాదులు చేస్తున్నారు.