రాజాజ్ఞ, ప్రజల పలుకు: ఆరవ ఎడ్వర్డు తొలి ఏలుబడి

ఇంగ్లండు సంఘ సంస్కరణ అనగానే మనకు ఎనిమిదవ హెన్రీ గుర్తుకు వస్తాడు. రోముతో తెగతెంపులు చేసుకొన్నది అతడే. అయితే గ్రామ దేవాలయాలలో ఆరాధన పూర్తిగా మారినది అతని కుమారుడు ఆరవ ఎడ్వర్డు కాలములోనే.

1547 జనవరిలో రాజైనప్పుడు ఎడ్వర్డు వయస్సు 9 సంవత్సరాలు. రాజ్యాధికారం మేనమామ సోమర్‌సెట్ ప్రభువుది. ఆరాధనా సంస్కరణకు సారథి ఆర్చిబిషప్ క్రాన్మర్. ఆ యేడే మృతుల ఆత్మల కొరకు పూజలు జరిపే ధర్మసంస్థలను రద్దు చేశారు. 1548లో దేవాలయాలలోని ప్రతిమలన్నిటిని తీసివేయమన్నారు. 1549 జూన్ 9, పెంతెకొస్తు పండుగ నుండి లాటిన్ పూజకు బదులు ఆంగ్ల ప్రార్థనా గ్రంథమే వాడాలని శాసించారు.

ప్రజలకు తెలిసిన భాషలో ఆరాధన జరగాలన్నది మంచి ఉద్దేశమే. అయినా కార్న్‌వాల్, డెవన్ ప్రజలు తిరుగబడ్డారు. పాత ఆచారాలపై మమకారం ఒక కారణం. మరొకటి, కార్న్‌వాల్‌లో కొందరికి ఆంగ్లమే రాదు; వారిది కార్నిష్ భాష. ఈ సంగతి తమ వినతిలో వ్రాశారు. లాటిన్ మాత్రం మీకు తెలియునా అని క్రాన్మర్ ఎదురు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే, కాని కార్నిష్‌లో ప్రార్థనా గ్రంథం రాలేదు, సైన్యం వచ్చింది. వేలాదిమంది మరణించారు. 1553లో ఎడ్వర్డు చనిపోగానే మేరీ రాణి పాత పూజను మరల నిలిపింది.

రాజాజ్ఞ లేనిచోట మార్పు ఎలా వచ్చినదో మన నెల్లూరు సీమలో చూడవచ్చును. 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరులో బాప్టిస్టు మిషను స్థాపించారు. పాతికేండ్లు ఫలితం బహు స్వల్పం. మిషనును మూసివేయాలన్న చర్చ కూడా నడిచింది. 1866లో, ఆనాడు నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు ప్రాంతాన, యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందాడు. తన మాదిగ జనులకు తమ ఇంటి మాటల్లోనే సువార్త చెప్పాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందారు. దానికి ముందు కరవు వచ్చిన మాట నిజమే. కాని వారిని ఏ రాజూ ఆజ్ఞాపించలేదు.

నేడు మన తీరాన పట్టపువారి ఇండ్లలో తమిళం కలిసిన పలుకు వినిపిస్తుంది. యానాదుల మాటతీరు వేరు. మనమేమో గ్రాంథిక ప్రార్థనలే చదువుతున్నాము. అవి తెలుగే గదా అని సరిపెట్టుకొంటే క్రాన్మర్ చేసిన పనినే మనమూ చేసినవారమవుతాము. మన ప్రార్థనలో తమకు ఏమి అర్థమైనదో ఆ పల్లెల విశ్వాసులనే అడగడం సంఘకాపరుల మొదటి పని.