వయ్యారిభామ: గడ్డి కాని గడ్డి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో నాలుగు వానలు పడిన పిమ్మట డొంకల వెంట, మిరప చేల గట్లపైన తెల్లని చిన్న పూల మొక్క గుంపులు గుంపులుగా లేచును. దూరమునుండి చూచువారికి ఎవరో పూలతోట వేసినట్లే తోచును. జనులు దీనికి వయ్యారిభామ యని పేరు పెట్టిరి. కాంగ్రెసు గడ్డి యనియు పిలుతురు. నిజమునకు ఇది గడ్డిజాతి కాదు, చేమంతి కుటుంబములోనిది. శాస్త్రనామము పార్థీనియం హిస్టెరోఫోరస్. పుట్టినచోటు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము.

ఇది అమెరికా గోధుమలతో మన దేశమునకు వచ్చినదని లోకప్రతీతి. 1956లో ఆర్. ఎస్. రావు పుణె ప్రాంతమున దీనిని గుర్తించి ప్రకటించుటయే ఆ మాటకు ఊతమైనది. అయితే మేము పాత గ్రంథముల ప్రస్తావనలు పరిశీలింపగా కథ ఇంకను వెనుకకు పోయినది. మన సామర్లకోటలో కొన్ని యేండ్లు పనిచేసి, తరువాత కలకత్తా ఉద్యానమునకు అధిపతియైన విలియం రాక్స్‌బరో 1814 నాటి తోటమొక్కల పట్టికలో దీని పేరు కలదు. 1880లో సేకరించిన నమూనా డెహ్రాడూనులో ఉన్నది. కనుక మొక్క దేశములో ఉండుట వేరు, దేశమంతట వ్యాపించుట వేరు.

వ్యాపించుటకు దీనికి సాధనములు పెక్కు. ఒక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. అవి గాలికి ఎగురును, వాననీటిలో కొట్టుకొనిపోవును, లారీ చక్రముల బురదలోను, మాగని పశువుల ఎరువులోను ప్రయాణము చేయును.

ఇది మన పంటలకు చేయు కీడు స్వల్పము కాదు. దీని పుప్పొడి మిరప, టమాట, వంగ పూల కీలాగ్రములపై పడినచో కాయ కట్టుట తగ్గునని 1980లో బెంగుళూరు పరిశోధకులు తెలిపిరి. 2000లో అనంతపురం జిల్లాలో వేరుసెనగను నాశనము చేసిన వైరస్ తెగులునకు ఆశ్రయమిచ్చినదియు ఈ మొక్కయే. తాను రోగలక్షణము చూపకయే వైరస్‌ను పుప్పొడిలో దాచుకొనును. తామర పురుగులు ఆ పుప్పొడిని పైరుమీదికి చేర్చును. ఆ వైరస్ ప్రత్తికిని సోకును. కొందరికి దీని స్పర్శవలన చర్మమున దురద, పుప్పొడివలన ఉబ్బసము కలుగును.

కావున పూలు చూచి గుర్తించుట ఆలస్యమే యగును. లేతదశలో ఆకులు క్యారెట్ ఆకులవలె చీలి నేలకు అంటి చక్రాకారముగా పరచుకొనును. అప్పుడే, నేల తడిగా నున్నప్పుడు, చేతులకు తొడుగులు ధరించి వేళ్లతో పెరికివేయవలెను. ఒక రైతు గట్టు శుభ్రపరచి పొరుగు రైతు విడిచిన ప్రయోజనము కొద్దియే. డొంక ఊరందరిది, ఈ పనియు ఊరందరిది కావలెను.