వేట రైఫిల్‌తో విదేశాలకు ఫ్లైట్.. మధ్యలో లేఓవర్ పడితే ఏంటి పరిస్థితి? ఈ రూల్స్ తెలియకపోతే జైలే!

విమానంలో నెయిల్ కట్టర్ పెట్టుకోవచ్చా, ఆవకాయ సీసా తీసుకెళ్లనిస్తారా అని ముందు రోజు రాత్రి ఫోన్‌లో వెతుక్కునే వాళ్లం మనం. కానీ కొంతమంది ఏకంగా రైఫిల్, బుల్లెట్లతో ఖండాలు దాటేస్తుంటారు. దొంగచాటుగా ఏం కాదు.. ఎయిర్‌లైన్ కౌంటర్‌లో చెప్పి, కస్టమ్స్ వాళ్ల సంతకం తీసుకుని, పూర్తిగా లీగల్‌గానే. అమెరికా నుంచి దక్షిణాఫ్రికా, నమీబియా లాంటి దేశాలకు వేటకు వెళ్లేవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. అమెరికాలో సెటిలైన మనవాళ్లలోనూ గన్ కొనుక్కున్నవాళ్లు, వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవాళ్లు ఉన్నారు.

మరి రైఫిల్‌తో ఫ్లైట్ ఎలా ఎక్కనిస్తారు? మధ్యలో వేరే దేశంలో ఫ్లైట్ మారాల్సి వస్తే ఆ తుపాకీ సంగతేంటి? రూల్స్ చూస్తే బయల్దేరే చోట పని తేలికే. దిగే చోట కూడా పేపర్లు సరిగ్గా ఉంటే అయిపోతుంది. చిక్కంతా మధ్యలో ఆగే చోటే వస్తుంది. ఎందుకో చూద్దాం.

బయల్దేరే ముందు ఏం చెయ్యాలి?

అమెరికాలో ఎయిర్‌పోర్ట్ భద్రత చూసే టీఎస్ఏ రూల్స్ ప్రకారం తుపాకీ క్యాబిన్‌లోకి రాకూడదు. చెకిన్ బ్యాగేజ్‌లోనే వెళ్లాలి. లోపల ఒక్క తూటా కూడా లోడ్ అయి ఉండకూడదు. గట్టి పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి, ఆ తాళం చెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. మూత ఒక మూల పట్టుకుని లాగితే సందు వచ్చే పెట్టె అయితే ఒప్పుకోరు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది.. చెకిన్ కౌంటర్‌లో "నా దగ్గర తుపాకీ ఉంది" అని మనమే చెప్పాలి. ప్రతి ఫ్లైట్‌కూ, చెకిన్ చేసిన ప్రతిసారీ చెప్పాల్సిందే.

బుల్లెట్లు విడిగా జేబుల్లో, సంచుల్లో వేసుకుంటే కుదరదు. వాటి కోసమే చేసిన అట్ట, చెక్క, ప్లాస్టిక్ లేదా మెటల్ డబ్బాలో ఉండాలి. అంతర్జాతీయ విమానాల్లో ఒక్కొక్కరికి 5 కిలోల వరకే అనుమతి. ఇద్దరివీ కలిపి 10 కిలోలు ఒకే డబ్బాలో అంటే ఒప్పుకోరు. కొన్ని ఎయిర్‌లైన్స్ రైఫిల్ ఉన్న పెట్టెలో బుల్లెట్లు పెట్టనివ్వవు, వేరే బ్యాగ్ అడుగుతాయి. టికెట్ కొనే ముందే ఇది కనుక్కోవాలి.

ఇక్కడే చాలామంది పట్టించుకోని పేపర్ ఒకటుంది. పేరు ఫామ్ 4457. అమెరికా కస్టమ్స్ ఆఫీస్‌కు రైఫిల్ తీసుకెళ్లి చూపిస్తే, సీరియల్ నంబర్ సరిచూసి అధికారి సంతకం, ముద్ర వేసి ఇస్తారు. ఫీజు లేదు. నిజానికి ఇది "ఈ వస్తువు అమెరికా నుంచి నాతోపాటే బయటికి వెళ్లింది, తిరిగొచ్చేటప్పుడు కొత్తగా కొన్నది కాదు" అని చెప్పే కాగితం మాత్రమే. కెమెరాకైనా, ఖరీదైన వాచీకైనా ఇదే ఫామ్. కానీ అమెరికాలో దేశమంతటికీ కలిపి ఒక గన్ లైసెన్స్ అంటూ లేదు కదా.. అందుకే దక్షిణాఫ్రికా పోలీసులు ఈ ఫామ్‌నే ఓనర్‌షిప్ ప్రూఫ్‌గా చూస్తారు. ఇది లేకుండా జొహన్నెస్‌బర్గ్‌లో దిగితే రైఫిల్ చేతికి రావడం కష్టం. సొంత వాడకానికి తాత్కాలికంగా తీసుకెళ్లేవాళ్లకు 3 తుపాకులు, 1000 బుల్లెట్ల వరకు ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ అక్కర్లేదని అమెరికా నిబంధన చెప్తోంది. అది అమెరికా లెక్క. దిగే దేశం లెక్క వేరే ఉంటుంది.

జొహన్నెస్‌బర్గ్‌లో దిగాక..

దక్షిణాఫ్రికాలో ఒక్కో తుపాకీకి 200 బుల్లెట్ల వరకే అనుమతిస్తారు, అవి కూడా ఆ తుపాకీకి సరిపోయేవే అయి ఉండాలి. ఒకే క్యాలిబర్‌లో రెండు రైఫిళ్లు కుదరదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయితే మామూలు వేటగాడికి ఆశ లేనట్టే. ఓఆర్ టాంబో ఎయిర్‌పోర్ట్‌లో రైఫిల్ పెట్టెలను మామూలు బెల్ట్ మీద వదలరు. పోలీసుల ఫైర్ ఆర్మ్స్ ఆఫీస్‌కు పంపిస్తారు. అక్కడ ఎస్ఏపీఎస్ 520 అనే ఫామ్ ఇచ్చి, పాస్‌పోర్ట్, రిటర్న్ టికెట్, వేట ఏర్పాట్లు చేసే సంస్థ ఇచ్చిన ఆహ్వాన లేఖ, ఆ 4457 ఫామ్ చూపించాలి. ఫామ్‌ను నల్ల ఇంకుతోనే నింపాలి. సంతకం మాత్రం ముందే చెయ్యకూడదు, పోలీసు ఎదురుగానే చెయ్యాలి. నీలం పెన్నుతో నింపుకొచ్చి మళ్లీ మొదటి నుంచి రాసేవాళ్లు కూడా ఉంటారట!

ఆ క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. రెండు మూడు విమానాలు ఒకేసారి దిగితే అంతే సంగతులు. కాబట్టి అక్కడి నుంచి ఇంకో ఊరికి కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే గంటన్నర గ్యాప్‌తో బుక్ చేసుకోవడం సాహసమే. నాలుగు గంటలైనా పెట్టుకోవడం మంచిది. ముందే అప్లై చేసి పర్మిట్ రెడీగా ఉంచే ఏజెన్సీలు ఉన్నాయి, డబ్బు తీసుకుంటాయి. అలసిపోయి దిగిన మనిషికి ఆ ఖర్చు దండగేం కాదు.

అసలు ప్రాబ్లం.. లేఓవర్

లేఓవర్ అంటే మనకు డ్యూటీ ఫ్రీ, కాఫీ, ఛార్జింగ్ పాయింట్. రైఫిల్ ఉన్నవాడికి మాత్రం అది ఇంకో దేశం చట్టం. మనం ఆ దేశంలోకి అడుగుపెట్టం, ఇమ్మిగ్రేషన్ దాటం, రైఫిల్ కూడా ఒక విమానం నుంచి ఇంకో విమానంలోకి మారుతుంది అంతే.. అయినా సరే ఆ దేశం పర్మిషన్ అడగొచ్చు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ అమ్‌స్టర్‌డామ్. స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ మీదుగా తుపాకీ వెళ్లాలంటే అది ట్రాన్సిట్ మాత్రమే అయినా డచ్ కస్టమ్స్ నుంచి ముందస్తు సమ్మతి పత్రం తీసుకోవాలి. టికెట్ చౌకగా వచ్చిందని అటు నుంచి బుక్ చేసుకుని, ఈ సంగతి చివర్లో తెలిస్తే ఏం చెయ్యలేం. వెళ్లేటప్పుడు ఒక రూట్, వచ్చేటప్పుడు ఒక రూట్ అయితే రెండూ విడివిడిగా చూసుకోవాలి.

లండన్‌ది ఇంకో రకం. అక్కడ ఒక రాత్రి హోటల్‌లో ఉండి పొద్దున్నే వెళ్దామనుకుంటే, రైఫిల్ బ్రిటన్‌లోకి వచ్చినట్టే లెక్క. అందుకు విజిటర్ ఫైర్ ఆర్మ్ పర్మిట్ కావాలి, అది కూడా అక్కడ ఉండే స్పాన్సర్ మన తరఫున అప్లై చెయ్యాలి. ఒక్క రాత్రి కోసం ఎవరు చేస్తారు? కెనడాలో దిగితే ఫైర్ ఆర్మ్ డిక్లరేషన్ ఫామ్ నింపి ఫీజు కడితే వేట రైఫిల్‌కు 60 రోజుల అనుమతి ఇస్తారు, దాంతో పోలిస్తే సులువే. దుబాయ్, దోహా మీదుగా వెళ్లే గల్ఫ్ ఎయిర్‌లైన్స్ ముందస్తు అనుమతి లేకుండా తుపాకీని తీసుకోవు. హాంకాంగ్ అయితే మరీ స్ట్రిక్ట్. బ్యాగ్‌లో మర్చిపోయిన ఒక్క బుల్లెట్‌తో దొరికి ట్రాన్సిట్ ప్రయాణికులు అరెస్టయిన సందర్భాలు ఉన్నాయి.

రూట్ ఎంచుకునేటప్పుడు టికెట్ రేటు కన్నా ముందు చూడాల్సింది ఒకటే.. రైఫిల్ పెట్టె మొదటి ఎయిర్‌పోర్ట్‌లో ఇస్తే నేరుగా చివరి ఎయిర్‌పోర్ట్‌లోనే చేతికి వస్తుందా, లేదా? ఒకే టికెట్ మీద అన్ని ఫ్లైట్లూ ఉంటే సాధారణంగా త్రూ ట్యాగ్ వేస్తారు. కౌంటర్‌లో ఇచ్చే ట్యాగ్ మీద చివరి ఊరి కోడ్ ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. రెండు వేర్వేరు టికెట్లు కొంటే మధ్యలో దిగి, పెట్టె తీసుకుని, మళ్లీ చెకిన్ చెయ్యాలి. అలా తీసుకున్న క్షణం నుంచి ఆ దేశం పర్మిట్ మన దగ్గర ఉండాల్సిందే. ఉదాహరణకు నమీబియా వెళ్తూ జొహన్నెస్‌బర్గ్‌లో పెట్టె తీసుకోవాల్సి వస్తే, దక్షిణాఫ్రికాలో వేటాడకపోయినా అక్కడి పోలీసుల పర్మిట్ తప్పదు.

ఫ్లైట్ మిస్సయ్యాడు.. జైలుకెళ్లాడు!

ఇదంతా కాగితాల గోల అనుకునేవాళ్లు అమెరికాలోనే జరిగిన ఈ కేసు తెలుసుకోవాలి. ఇది వేట రైఫిల్ కేసు కాదు, పిస్టల్ కేసు. విదేశీ ప్రయాణం కూడా కాదు. కానీ లేఓవర్ ఎలా ముంచుతుందో ఇంతకన్నా బాగా చెప్పేది ఇంకోటి లేదు.

2005లో యూటా రాష్ట్రానికి చెందిన ఒకాయన సాల్ట్ లేక్ సిటీ నుంచి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు బయల్దేరాడు. తన తుపాకీకి పేపర్లున్నాయి. పెట్టెలో పెట్టి తాళం వేశాడు, కౌంటర్‌లో డిక్లేర్ చేశాడు. అంతా రూల్ ప్రకారమే. మధ్యలో న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఫ్లైట్ మారాలి. నెవార్క్‌కు వచ్చే విమానం లేటయింది, కనెక్షన్ మిస్సయింది. ఎయిర్‌లైన్ బస్ ఏర్పాటు చేసింది. కానీ లగేజీ బస్‌లోకి రాలేదు. దాన్ని వెతికి పట్టుకునేసరికి బస్ కూడా పోయింది. చేసేది లేక లగేజీ తీసుకుని ఎయిర్‌పోర్ట్ పక్క హోటల్‌లో పడుకున్నాడు.

పొద్దున్నే మళ్లీ కౌంటర్‌కు వచ్చి నిజాయితీగా "తుపాకీ ఉంది" అని చెప్పాడు. అంతే.. పోలీసులు అరెస్ట్ చేశారు. న్యూజెర్సీలో ఆయనకు పర్మిట్ లేదు. కొన్ని రోజులు జైల్లో ఉండి బెయిల్ మీద బయటికొచ్చాడు. తర్వాత కేసు కొట్టేశారు కానీ ఆయన ఊరుకోలేదు, అధికారుల మీద కోర్టుకెళ్లాడు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తుపాకీ తీసుకెళ్లేవాళ్లకు 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది కదా అన్నది ఆయన వాదన.

2010లో థర్డ్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఆ చట్టం ప్రకారం ప్రయాణమంతా తుపాకీ చేతికి అందకుండా ఉండాలి, హోటల్ రూమ్‌లో రాత్రంతా లగేజీ ఆయన దగ్గరే ఉంది కాబట్టి రక్షణ వర్తించదు అంది. తన తప్పేమీ లేకుండానే ఇరుక్కున్నాడని కోర్టు కూడా అంగీకరించింది. అయినా తీర్పు మారలేదు. లగేజీ తీసుకోకముందే ఎయిర్‌పోర్ట్ పోలీసుల దగ్గరికో, ఎయిర్‌పోర్ట్ సిబ్బంది దగ్గరికో వెళ్లి "రాత్రికి మీ దగ్గర ఉంచండి" అని అడిగి ఉండాల్సింది అని చెప్పింది. బస్ పోయిన మనిషికి అది తట్టాలంటే కష్టమే అనిపిస్తుంది. కానీ ఇవాళ గన్‌తో ప్రయాణించే ఎవరైనా గుర్తుపెట్టుకోవాల్సిన మాట మాత్రం అదే.

కాబట్టి ఫ్లైట్ క్యాన్సిల్ అయినా, మిస్సయినా ఎయిర్‌లైన్ వాళ్లు "మీ బ్యాగ్ బెల్ట్ మీదకు వస్తుంది, తీసుకోండి" అంటే వెంటనే చెయ్యి వెయ్యకూడదు. అందులో తుపాకీ ఉందని, ఈ ఊరి పర్మిట్ తన దగ్గర లేదని చెప్పి, ఎయిర్‌లైన్ కస్టడీలోనే ఉంచమని అడగాలి. కాదంటే ఎయిర్‌పోర్ట్ పోలీసులను అక్కడికే పిలిపించమనాలి. ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసి పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఇంకో మెలిక ఉంది. అమెరికాలో మొదట దిగే ఎయిర్‌పోర్ట్‌లోనే లగేజీ తీసుకుని కస్టమ్స్ దాటాలి. త్రూ ట్యాగ్ ఉన్నా సరే. జొహన్నెస్‌బర్గ్ నుంచి నేరుగా వచ్చే విమానాలు దిగేది అట్లాంటాలో, లేదంటే అదే నెవార్క్‌లో! డాలస్ వెళ్లాల్సిన మనిషి అక్కడ రైఫిల్ తీసుకుని, ఫామ్ 4457 చూపించి, మళ్లీ డిక్లేర్ చేసి చెకిన్ చెయ్యాలి. అందుకే వేటగాళ్లు చాలామంది న్యూయార్క్, న్యూజెర్సీ కనెక్షన్ అంటేనే వద్దంటారు. ఆఫ్రికాలో వేట సంస్థలు చాలావరకు రైఫిల్ అద్దెకు ఇస్తాయి. ఒక్కసారి వెళ్లొచ్చేవాడికి అదే హాయి. సొంత రైఫిల్ మీద మమకారం ఉన్నవాళ్లు మాత్రం ఈ తిప్పలు పడతారు.

మరి ఇండియాకు వస్తే?

ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. కాబట్టి వేట రైఫిల్‌తో రావడం అన్న మాటే లేదు. మనవాళ్లకు ఎదురయ్యే సమస్య వేరే. అమెరికాలో షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్‌లోనే బట్టలు సర్దుకుని వస్తారు. పక్క జేబులో ఒక బుల్లెట్ ఉండిపోతుంది. ఢిల్లీలోనో, ముంబైలోనో దిగి హైదరాబాద్ ఫ్లైట్‌కు మారేటప్పుడు మళ్లీ స్కానింగ్ ఉంటుంది. లేదా తిరిగి వెళ్లేటప్పుడు శంషాబాద్‌లో బయటపడుతుంది. ఎన్ఆర్ఐ బ్యాగ్‌లో బుల్లెట్ అనే వార్తలు మీరూ చూసే ఉంటారు.

మన దగ్గర లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా ఆయుధాల చట్టం 1959 కింద కేసే. అయితే తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరం అని సుప్రీంకోర్టు గతంలో చెప్పింది. దాని ఆధారంగా బ్యాగ్‌లో పొరపాటున మిగిలిన బుల్లెట్ కేసులను ఢిల్లీ హైకోర్టు చాలాసార్లు కొట్టేసింది కూడా. కానీ ఆలోపు ఫ్లైట్ పోతుంది, సెలవులు అయిపోతాయి, లాయర్ ఫీజులు పడతాయి. రేంజ్‌కు వాడిన బ్యాగ్‌ను ఇండియా ట్రిప్‌కు వాడకపోవడమే మంచిది. తప్పదనుకుంటే లోపలి లైనింగ్, చిన్న జిప్ జేబులు, బూట్ల లోపల కూడా చేత్తో తడిమి చూసుకుని, ఆ తర్వాతే బట్టలు సర్దుకోండి.